బాలోద్యాన స్థాపకుడు ఫ్రోబెల్

పసిపిల్లల బడికి తోట యని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన జర్మనీ దేశమున, తురింగియా యను అడవుల సీమలోని ఒబర్‌వైస్‌బాఖ్ గ్రామమున జన్మించెను. ఏడాది నిండకమునుపే తల్లి గతించెను. తండ్రి క్రైస్తవ మతగురువు. పలు గ్రామముల బాధ్యత మోయుచుండుటచే కన్నబిడ్డను కనిపెట్టు తీరిక ఆయనకు లేకుండెను. సవతితల్లి మొదట ముద్దు చేసినను, తనకు కొడుకు పుట్టిన పిమ్మట ఇతనిని వేఱుగా చూచెను. పలుకరించువారు లేని ఆ బాలునకు ఇంటిని ఆనుకొనియున్న తోటయే తోడయ్యెను. పదియవయేట మేనమామ తన యింటికి కొనిపోయి చదివించిన కాలమే అతని బాల్యమున సుఖకాలము.

పదునైదవయేట నొక అటవీ ఉద్యోగియొద్ద పని నేర్చుటకు కుదిరెను. ఆ గురువు పని యెఱిగినవాడే గాని నేర్పుటకు నేర్పు లేనివాడు. శిష్యుడు రెండేండ్లు అడవిలో తిరుగుచు, వృక్షశాస్త్ర గ్రంథములు సంపాదించి చదువుచు, తనకు తానే గురువయ్యెను. పిదప యేనా విశ్వవిద్యాలయమున చేరెను గాని, స్వల్పమైన బాకీ తీర్పలేక అచ్చటి చెఱసాలలో కొన్ని వారములు గడుపవలసివచ్చెను. ఆస్తిలో హక్కు వదలుకొనిన పిమ్మటగాని తండ్రి ఆ సొమ్ము చెల్లింపలేదు! తరువాత భూములు కొలిచెను. ఒక ఎస్టేటున వ్రాతపని చేసెను. కొలత తెలిసిన చేయి యగుటచేతనే కాబోలు, అనంతరకాలమున పిల్లల తోటను సైతము మడిమడిగా గీసి చూపగలిగెను.

1805లో వాస్తుశిల్పము నభ్యసింప ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు వచ్చి, అనుకొనకుండ ఉపాధ్యాయుడయ్యెను. తన యొద్ద చదువుకొను బాలురకు వారి తండ్రి కొంత నేల యీయగా, వారితో కూడి దానిని సాగుచేసెను. 1808 మొదలు రెండేండ్లు స్విట్జర్లాండునందు పెస్టలోజీ సన్నిధిని గడపెను. 1816లో అన్నల కొడుకులు ఐదుగురితో గ్రీస్‌హైము గ్రామమున పాఠశాల తెఱచి, మఱుసటియేడు కైల్‌హౌ గ్రామమునకు మార్చెను. అచ్చట కొండలెక్కుటయు, వనములు తిరుగుటయు చదువులో భాగములే.

ఏడేండ్లు నిండని పిల్లలను గూర్చి ఆనాడు విద్వాంసులు అంతగా తలపోయలేదు. ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గు పట్టణమున వారికై ఆటవస్తువులు చేయించెను: ఊలు బంతులు, కొయ్య గోళము, స్తంభము, ఘనము. తన సంస్థకు తగిన పేరు దొరకక చిరకాలము వెదకెను. ఒకనాడు మిత్రులతో కొండదారిని నడచుచుండగా కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అను మాట స్ఫురించెనని అనుచరుడు బారోప్ వ్రాసియున్నాడు. 1840 జూన్ 28న ఆ పేరు లోకమునకు ప్రకటితమయ్యెను.

ఆ తోట మాటవరుసకు చెప్పినది కాదు. నడుమ ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్న మడి. చోటు చాలనిచో ఇద్దరికొకటి. మడివద్ద ఆ బిడ్డ పేరు వ్రాసియుంచవలెను. చుట్టును అందరకు ఉమ్మడియైన మడులు, ఒకవైపు పూలు, మఱియొకవైపు కూరలు, ధాన్యములు. సొంత మడిలో బిడ్డ తన యిష్టము వచ్చినది నాటుకొనును. నీరు పోయకున్న వాడిపోవుటను తానే చూచును. ఉమ్మడి మడిని అందరు కలిసి కాపాడవలెను. సొంతమునకు హద్దును, ఉమ్మడికి బాధ్యతయు పుస్తకము లేకయే పసివారి కిట్లు తెలియవచ్చును. మనము ఎల్‌కేజీ, యూకేజీ యని పలుకు మాటలలో దాగియున్నది ఈ తోటయే. ఆ బడులలో పెక్కింట పిడికెడు మన్నైనను కానరాదు.

వృద్ధాప్యమున పిడుగుపాటు కలిగెను. అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ సామ్యవాది. అతడును బాలోద్యానములను గూర్చి వ్రాసియుండెను. ఇద్దరి పేర్లను కలిపివేసి, ప్రష్యా ప్రభుత్వము 1851 ఆగస్టు 7న బాలోద్యానములను నిషేధించెను. పొరపాటును వివరించి ఫ్రోబెల్ చేసికొన్న విన్నపము ఫలింపలేదు. 1852 జూన్ 21న మరియెన్‌తాల్‌లో ఆయన కన్నుమూసెను. నిషేధము 1860లో తొలగెను. ష్వైనా గ్రామమందలి ఆయన సమాధిపై పిల్లల ఆటవస్తువులైన ఆ ఘనము, స్తంభము, గోళములనే రాతితో చెక్కి ఒకదానిపై నొకటి నిలిపియున్నారు.