యంత్రం మారినా పని ఆగకుండా చూసిన గ్యారీ కిల్డాల్

పాత ప్రింటరును కొత్త కంప్యూటరుకు తగిలిస్తే పనిచేయకపోవడం మనలో చాలామందికి అనుభవమే. ప్రింటరు బాగానే ఉంటుంది. దానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఉండే డ్రైవర్ అనే ప్రోగ్రాం కుదరదు. చిన్న కంప్యూటర్ల తొలినాళ్లలోనే ఇలాంటి చిక్కును ఎదుర్కొన్న మేధావి గ్యారీ కిల్డాల్.

ఆయన 1942లో అమెరికాలోని సియాటిల్‌లో జన్మించారు. తండ్రి నావికులకు చదువు చెప్పే బడి నడిపేవారు. కిల్డాల్ 1972లో డాక్టరేటు పొందారు. మాంటెరీలోని నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెబుతూ, 1974లో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేశారు. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో రకం డిస్క్ డ్రైవు. ప్రతిదానికీ ప్రోగ్రాం మార్చి రాయాల్సి వచ్చేది. అందుకే యంత్రాన్నిబట్టి మారే భాగాన్ని ఆయన విడదీసి, బయోస్ అని పేరు పెట్టారు. ఇక కొత్త యంత్రం వస్తే ఆ భాగం రాస్తే చాలు. నేటి డ్రైవర్ల వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

1980లో ఐబీఎంతో ఒప్పందం కుదరలేదు. ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కు దక్కింది. కిల్డాల్ 1994లో, 52వ ఏట కన్నుమూశారు. పేరు మరొకరికి వెళ్లినా ఆయన చూపిన పద్ధతి నిలిచింది.

మిత్రులారా! 32 బిట్ విండోస్‌కు రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. కాబట్టి గుడివాడలోనైనా మరెక్కడైనా, మన చేతికి వచ్చిన పాత యంత్రాన్ని మూలన పడేసే ముందు దానికి సరిపడే డ్రైవర్ వెతుకుదాం. కిల్డాల్‌కు మనమిచ్చే నివాళి అదే.