డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు - కండరములలోని శక్తి

చెన్నపట్టణమునకు విద్యార్థియై వచ్చి, పిదప ప్రపంచఖ్యాతి గాంచిన తెలుగువారిలో శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి, తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. ఫలితములు వెలువడిన దినమున మొగము చాటుచేసికొను మిత్రులు ఈ సంగతిని గమనింతురుగాక!

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన పిమ్మట వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయుడైన ఆచార్యునకు వీరియెడ అప్రసన్నత కలిగెను. చివరకు పూర్తి వైద్యపట్టము గాక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి ధనసహాయముతో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేయుచు పగలు చదువుకొనిరి. ఆ తరువాత హార్వర్డు వైద్యవిద్యాలయపు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె గారికడ పరిశోధన కారంభించిరి.

శక్తి నశింపదు, రూపము మాత్రము మార్చుకొనునని మనము విజ్ఞానశాస్త్రమున చదువుచున్నాము. బొగ్గు మండిన రసాయనికశక్తి ఉష్ణమగును. ఎత్తుననున్న నీటి స్థితిజశక్తి పల్లమునకు పారునపుడు గతిజశక్తి యగును. కాని మనము తిన్న యన్నము కండరమును కదలించు టెట్లు? మన దేహములో మంట లేదు, ఆవిరి లేదు. కండరమున లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే సంకోచమునకు కారణమని ఆ కాలపు శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. కండరపరిశోధనకై హిల్, మైయరుహోఫ్ అనువారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించియుండెను. ఈ తలపును కదలించినది ఒక నీలిరంగు.

ఫిస్కె, సుబ్బారావుగార్లు రక్తమునందలి భాస్వరమును కొలుచుటకు 1925లో ఒక సులభపద్ధతిని ప్రకటించిరి. మొలిబ్డేటు కలిసిన ఆమ్లద్రవమును చేర్చి, మరియొక రసాయనము కలిపినచో నీలిరంగు వచ్చును. రంగెంత చిక్కనయో భాస్వరమంత అధికము. సాధారణముగా ఈ రంగు కొద్ది నిమిషములలో నిలుకడకు వచ్చును. కండరమునుండి తీసిన రసముతో పరీక్షించినపుడు మాత్రము రంగు మొదట పలుచనగా నుండి, నిమిషనిమిషమునకు చిక్కబడసాగెను. ఇతరులైనచో తప్పు లెక్కయని పారబోసియుందురేమో! వీరు విడువలేదు. భాస్వరము నిముడ్చుకొన్న అస్థిరపదార్థ మేదియో ఆమ్లములో మెల్లమెల్లగా విడిపోవుచున్నదని గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకమునకు తెలిపిరి. కండరమును విద్యుత్తుచే పని చేయించిన అది తరుగును. విశ్రాంతి నిచ్చిన మరల చేరును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరమునుండి వేరుచేసి ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ గారును దానిని వేరుగా కనుగొనిరి. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము కొంతసేపు పనిచేయునని చూపుటతో పాత సిద్ధాంతము కూలిపోయెను.

దీని నొక లెక్కతో చూతము. మన తిరుత్తణి కొండకు 365 మెట్లు. మెట్టు 15 సెంటీమీటర్ల ఎత్తనుకొన్నచో మొత్తము దాదాపు 55 మీటర్లు. 40 కిలోగ్రాముల బాలుడు పైకి చేరిన అతని స్థితిజశక్తి సుమారు 21,500 జౌళ్లు పెరుగును. అనగా అయిదు కిలోకేలరీలు. కండరములు తాము వ్యయపరచు శక్తిలో రమారమి నాలుగవవంతునే పనిగా మార్చగలవు, మిగిలినది వేడియగును. చెమట పట్టుట అందుకే. కావున ఇరువది కిలోకేలరీలు కావలెను. అది అయిదు గ్రాముల చక్కెరలో, అనగా ఒక చిన్న చెంచాడులో నున్నది! దిగునపుడు ఆ స్థితిజశక్తి యంతయు కాళ్లలోను మెట్లమీదను వేడిగా పోవును. దానిని తిరిగి చక్కెరగా మార్చుకొను ఉపాయము మన దేహమునకు లేదు.

చక్కెర నేరుగా కండరమును కదలింపదు. కండలేరు జలాశయపు నీరు వాలునుబట్టి పారి పూండి చేరుచున్నది గదా. అంత నీరు ఒక్కసారిగా మడిలో పడిన పైరు నిలుచునా? పిల్లకాలువ కావలెను. ఆహారము జలాశయము, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు పిల్లకాలువ. కండరమున సిద్ధముగానున్నది కొన్ని క్షణములకే చాలును. అది తరుగగనే ఫాస్ఫోక్రియాటిన్ పూరించును. ఆపైన ఆహారము దహనమై మరల నింపుచుండును. ఇట్లు ఒక దినమున మన శరీరమంత బరువుగల పదార్థము విడిపోవుచు కలియుచు నుండునని అంచనా.

1930లో డాక్టరేటు వచ్చినను హార్వర్డులో స్థిరమైన పదవి వారికి లభింపలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుట, బోదకాలు జ్వరమునకు 1947లో వెలువడిన హెట్రజాన్, 1948లో వెలువడిన ఆరియోమైసిన్ - ఇవన్నియు అచ్చటి కృషిఫలములు. పసిపిల్లల రక్తపు కేన్సరునకు ఫార్బరు గారు వాడిన ఎమినోప్టెరిన్ సైతము అక్కడిదే. స్వదేశము మరల చూడకయే, అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే, 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు.

1995లో భారతప్రభుత్వము వారి శతజయంతికి తపాలాబిళ్ల వెలువరించినది. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు నేడు జీవశాస్త్ర పాఠములన్నిట నున్నది. దాని ప్రక్క ఈ పేరు కనబడుట అరుదు. ప్రయోగశాలలలో మాత్రము భాస్వరమును కొలుచు ఆ నీలిరంగు పద్ధతిని ఇప్పటికిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతియనియే పిలుచుచున్నారు.