లంచగొండులపై కలమెత్తిన కందుకూరి

కచేరీలో కాగితం కదలాలంటే చేయి తడపవలసిందేనన్న మాట పావగడ తాలూకా వల్లూరు పరిసర పల్లెలకు కొత్తది కాదు. నూటయాభై సంవత్సరాల క్రిందట గోదావరి తీరాన కూడా ఆ మాటే వినిపించేది. దానిని అచ్చులో పెట్టి నలుగురి ముందుంచిన తెలుగు పత్రికా రచయితలలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగం పంతులు.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు ఆయన జన్మించారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి మరణించగా పెదతండ్రి వెంకటరత్నం పెంచి పెద్దచేశారు. చదువు ముగిసిన పిమ్మట కచేరీ ఉద్యోగం, వకీలు వృత్తి ఆయన ఎదుట నిలిచాయి. లంచమూ అసత్యమూ లేకుండా ఆ దారుల్లో నడవడం కష్టమని తలచి, తక్కువ జీతపు ఉపాధ్యాయ వృత్తినే ఎంచుకొన్నారు. కోరంగిలోను, ధవళేశ్వరంలోను బడిపంతులుగా పనిచేశారు.

అమెరికాలో ఇద్దరు విలేఖరులు వాటర్‌గేట్ కుంభకోణాన్ని శోధించి బయటపెట్టడం, 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ పదవి వీడడం, 1976లో ఆ శోధన చలనచిత్రంగా రావడం లోకవిదితం. అందుకు నూరేండ్ల ముందే, 1874 అక్టోబరులో, వీరేశలింగం 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. తొలుత మదరాసులో అచ్చువేయించేవారు. సంచికలు ఆలస్యమవుతుండగా మిత్రుల తోడ్పాటుతో రాజమహేంద్రవరంలోనే ముద్రాలయం నెలకొల్పారు.

న్యాయస్థానాలలోను, కచేరీలలోను సాగే లంచగొండితనాన్ని ఆ పత్రిక నిర్భయంగా ఎండగట్టింది. దేశభాషా పత్రికల సారాంశాన్ని దొరతనంవారు ఇంగ్లీషులోకి మార్పించి చదివేవారు గనుక, తెలుగులో వ్రాసిన ఫిర్యాదు కూడా పై అధికారుల వరకు చేరే వీలుండేది. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషా పత్రికలను అణచే చట్టం తెచ్చినా, అది మదరాసు రాజధానికి వర్తించలేదు. చట్టపు బెడద లేకపోయినా స్థానికుల పగ తప్పలేదు. తప్పుచేసినవారు అదే ఊరిలో పలుకుబడి గల పెద్దలు. వ్రాసినవాడు ఒక సామాన్య ఉపాధ్యాయుడు. అయినను ఆయన వెనుదీయలేదు. కోర్టుల అక్రమాలపై 'వ్యవహార ధర్మబోధిని' అనే నాటకం కూడా వ్రాశారు. పత్రిక చదవలేనివారికి సైతం ఆ సంగతులు నాటకం ద్వారా చేరాయి.

ఇతరుల తప్పులు వ్రాసినవారు తమ మాటకు తాము కట్టుబడాలి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వీరేశలింగానికి ఆ పరీక్ష ఎదురైంది. బంధువులు దూరమయ్యారు, వెలి భయం చుట్టుముట్టింది. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ మాత్రం చివరివరకు వెన్నంటి నిలిచారు. 1910లో ఆమె కన్నుమూశారు.

తమ యావదాస్తిని హితకారిణీ సమాజానికి అర్పించి, 1919 మే 27న మదరాసులో వీరేశలింగం తనువు చాలించారు. ఆయన వద్ద అధికారం లేదు, ధనబలం లేదు. లంచం ఇచ్చుకోలేక కచేరీ గుమ్మం వద్ద నిలబడిపోయిన పేదవాని గోడును అతని భాషలోనే అచ్చువేసిన పత్రిక ఒక్కటి ఉండేది. సరిహద్దు పల్లెల తెలుగు బిడ్డలు ఆయనను స్మరించవలసింది అందుకే.