కాలాన్ని కొలిచిన కదిరివారు

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో పుట్టిన ఒక పెద్దమనిషి గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని సంపాదకుల వారు అడిగినప్పుడు నాకు వెంటనే కె.వి. రెడ్డిగారు గుర్తొచ్చారు. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. ఇంటిపేరు మా ఊరిది కాబట్టి ఆయన మా ఊరివాడేనని ఇక్కడి టీ అంగళ్ల దగ్గర ఇప్పటికీ వాదించేవారున్నారు. నిజానికి ఆయన 1912 జూలై 1న తాడిపత్రిలో పుట్టారు. అయినా ఆ వాదనను నేనెప్పుడూ గట్టిగా ఖండించలేదు.

మద్రాసులో బి.ఎస్సీ. చదివి, తాడిపత్రి మిత్రుడు మూలా నారాయణస్వామిగారి ద్వారా సినిమా రంగంలోకి వచ్చారు. వచ్చింది దర్శకుడిగా కాదు, డబ్బు లెక్కలు చూసే క్యాషియరుగా! మన గుమాస్తా సోదరులు ఈ సంగతి గమనించాలి. వాహినీ సంస్థలో బి.ఎన్. రెడ్డిగారు తీసిన వందేమాతరం, సుమంగళి, దేవత చిత్రాలకు ప్రొడక్షన్ వ్యవహారాలు చూస్తూ పని నేర్చుకున్నారు. 1943లో భక్త పోతన ఆయన తొలి చిత్రం. తరువాత యోగి వేమన, గుణసుందరి కథ, 1951లో పాతాళ భైరవి వచ్చాయి. 1954 నాటి పెద్దమనుషులు మునిసిపల్ చైర్మన్ అక్రమాల మీద తీసిన కథ. ఆ శాఖలో పనిచేసిన మిత్రులు మన్నించాలి.

ఆయన పనితీరు గురించి చదివినప్పుడల్లా నాకు ఆఫీసే గుర్తొచ్చేది. కథ, సంభాషణలు, ఏ సన్నివేశం తరువాత ఏది అన్నదంతా కాగితం మీద తేలిందాకా కెమెరా కదిలేది కాదు. ముందుగానే నటులతో సాధన చేయించి, ఒక్కో సన్నివేశానికీ పాటకూ ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క రాయించేవారు. సినిమా ఫిలిం నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంది. అంటే మాట ఎక్కువైతే ఖర్చు ఎక్కువైనట్టే. బడ్జెట్టు మంజూరు కాకముందే ఎస్టిమేటు సరిచూసుకునే మనిషి ఆయన.

తెర వెనుక రాసినవారిలో ముఖ్యులు పింగళి నాగేంద్రరావుగారు. పాతాళ భైరవికీ, 1957లో వచ్చిన మాయాబజార్‌కూ మాటలు, పాటలు ఆయనవే. ఘటోత్కచుడి మాటలు ఎస్.వి. రంగారావుగారివని మా ఊళ్లో చాలామంది అనుకునేవారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల సంతకాల కోసం చిత్తుప్రతులు రాసినవాణ్ణి. ఒకసారి నేను మూడు రాత్రులు కూర్చుని తయారుచేసిన కరువు నివేదికకు మెప్పు ఇంకొకరికి దక్కింది. ఆనాడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే టైటిళ్లలో పింగళివారి పేరు కనబడితే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చదువుతాను.

మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తారు. మన ఇళ్లకు టీవీ రాకముందే మద్రాసు సెట్టులో ఆ పెట్టె తయారైంది! ఇంకొక ముచ్చట. అందులో శశిరేఖ తల్లిగా వచ్చే రేవతి భాగవతం ప్రకారం మన కాలపు మనిషి కాదు. ఆమె తండ్రి కకుద్మి వరుణ్ణి అడగడానికి కూతురితో బ్రహ్మలోకం పోయి, కాసేపు సంగీతం విని తిరిగొచ్చేసరికి భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయట. హెచ్.జి. వెల్స్ 1895లో కాలయంత్రం నవల రాశాడు. కాలప్రయాణం మనవాళ్లకు అంతకు ఎంతో ముందే తెలుసు. బ్రిటన్ టీవీలో 1963లో మొదలైన డాక్టర్ హూ ధారావాహిక నడిచేదీ ఇలాంటి కథల మీదనే.

1968లో కె.వి. రెడ్డిగారివి రెండు చిత్రాలు వచ్చాయి, రెండూ ఆడలేదు. కాలాన్ని అంత లెక్కగా కొలిచిన మనిషికి కాలం ఎదురు తిరగడం చూస్తే బాధ కలుగుతుంది. ఆయన తోటరాముణ్ణి చేసి నిలబెట్టిన ఎన్.టి. రామారావుగారే మళ్లీ పిలిచి దర్శకత్వం ఇచ్చారు. 1971లో శ్రీకృష్ణ సత్య వచ్చింది. అదే చివరిది. 1972 సెప్టెంబరు 15న కన్నుమూశారు. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరి కరువు పనుల దగ్గర మస్టరు రోలు రాస్తున్నాను. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది. రెండు మూడు రోజుల తరువాత, బెల్లం పొట్లం కట్టిన పేపరులో ఆ వార్త చదివాను.

మాయాబజార్‌కు ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో ఆదిత్య 369 తీశారు. యంత్రమెక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, అక్కణ్ణుంచి 2504కీ పోయే కథ. దాన్ని చూడ్డానికి మా నాయనను తీసుకుపోయాను. అప్పటికే ఆయనకు చూపు తగ్గింది. రాబోయే కాలం బొమ్మలు ఆయనకు రుచించలేదు. నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే, ఆ బండి ఎక్కితే మా పల్లె చెరువు మరువ పారిన ఏటికి పోవచ్చునా అని అడిగినాడు. ఏ సంవత్సరమని నేనడిగాను. ఇల్లు చేరేదాకా వేళ్ల మీద లెక్క పెడుతూనే ఉన్నాడు.