మూసీ వరదకు అడ్డుకట్ట వేసిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పిల్లలూ, మీ ఊళ్ళో ఏ నది ఉంది? టొరంటోలో ఉంటే హంబర్, డాన్ నదులు. కాల్గరీలో ఉంటే బో నది. విన్నిపెగ్‌లో ఉంటే రెడ్ నది. మామూలు రోజుల్లో మనం ఆ ఒడ్డున సైకిల్ తొక్కుతాం, బాతులను చూస్తాం. కానీ మంచు ఒక్కసారిగా కరిగినా, పెద్ద వాన పడినా అదే నది ఇళ్ళ మీదికి వస్తుంది. అందుకే ఎవరో ఒకరు రోజూ నీటి మట్టం కొలిచి, లెక్కలు వేస్తూ ఉంటారు. అలా లెక్కలు వేసి హైదరాబాద్ నగరానికి దారి చూపించిన ఒక పెద్దాయన గురించి ఈ పాఠంలో చదువుదాం.

చదువుకోవడానికి పాఠాలు చెప్పిన కుర్రాడు

ఆయన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1861 సెప్టెంబర్ 15న ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్ళి అనే పల్లెలో పుట్టారు. మరి మోక్షగుండం ఏమిటంటారా? అది ఆంధ్రలో గిద్దలూరు వైపు ఉన్న ఒక ఊరు. వాళ్ళ పూర్వీకులు అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు. ఊరు మారినా ఇంటిపేరులో ఆ ఊరు అలాగే ఉండిపోయింది. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. మీలాగే అన్నమాట! మీరు బయట ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా. ఆయనకు బయట కన్నడం, ఇంట్లో తెలుగు.

చిన్నప్పుడే నాన్నగారు చనిపోయారు. ఇంట్లో డబ్బు లేదు. బెంగళూరులో చదువుకుంటూనే, ఒకరి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులకు సంపాదించుకున్నారు. 1881లో బి.ఏ. పాసయ్యారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన సాయంతో పుణె వెళ్ళి ఇంజనీరింగ్ చదివి, 1883లో పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు.

మొదటి ఉద్యోగం, మొదటి చిక్కు

1884లో బొంబాయి ప్రభుత్వం ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. ధూళే అనే ఊరి దగ్గర పాంఝరా అనే నది ఉంది. అక్కడ గొట్టాల ద్వారా నీళ్ళను అడ్డంగా దాటించే పని ఆయనకు అప్పజెప్పారు. పని మొదలుపెట్టగానే వానాకాలం వచ్చేసింది. వరద వచ్చినప్పుడల్లా తవ్విన గోతులు ఇసుకతో పూడిపోయేవి. వానలు తగ్గాక చేద్దామని ఆయన పై అధికారికి రాశారు. పై అధికారికి అది నచ్చలేదు. కొత్త కుర్రాడు పని తప్పించుకుంటున్నాడని అనుకుంటారేమో! అందుకని విశ్వేశ్వరయ్య గారు మళ్ళీ ఏట్లోకి దిగారు, వానల్లోనే పని పూర్తి చేశారు. నది మన కాలెండర్ చూసి నడవదు అని ఆయనకు మొదటి ఏడాదే తెలిసింది.

తర్వాత సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి తాగునీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. సింధు నీళ్ళు బురదగా ఉంటాయి. వడపోతకు పెద్ద తొట్లు కట్టాలంటే డబ్బు లేదు. అప్పుడు ఆయన నది ఇసుకలోనే బావి తవ్వించారు. నీళ్ళు ఇసుక గుండా ఊరి, శుభ్రపడి బావిలోకి వచ్చాయి. ఇసుకే జల్లెడ అయిందన్నమాట.

1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తానే తెరుచుకునే తలుపులు పెట్టించారు. నీళ్ళు ఒక హద్దు దాకా వస్తే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. తగ్గితే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వచ్చినా మనిషి పరుగెత్తి వెళ్ళి తిప్పక్కర్లేదు.

మూసీ ఊరిని ముంచిన రోజు

1908 సెప్టెంబర్ 28. హైదరాబాద్ పైన ఉన్న ఊళ్ళలో కుండపోత వాన. శంషాబాద్‌లో ఒక్క రోజులోనే పన్నెండు అంగుళాలకు పైగా పడింది. మూసీ ఎగువన వందల చెరువులున్నాయి. ఒక చెరువుకు గండి పడితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడ్డాయి. అదీ తెగింది. అలా తెగుతూ తెగుతూ నీళ్ళన్నీ కలిసి నగరం మీదికి వచ్చాయి. వేల మంది చనిపోయారు. వేల ఇళ్ళు కూలిపోయాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక పెద్ద చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

అప్పుడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిచింది. ఆయన ఉద్యోగం నుంచి తప్పుకుని విదేశాలు తిరుగుతున్నారు. 1909లో హైదరాబాద్ వచ్చారు. వచ్చీ రాగానే గోడలు కట్టమనలేదు. ముందు లెక్కలు తీయించారు. ఎక్కడ ఎంత వాన పడింది? ఏ చెరువు ఎప్పుడు తెగింది? నీళ్ళు ఊళ్ళో ఎంత ఎత్తుకు వచ్చాయి? ఇవన్నీ తెలిశాక ఆయన ఇచ్చిన సలహా ఇది: వరదను ఊళ్ళో ఆపలేం, ఊరికి పైనే ఆపాలి. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలి. వరద వస్తే నీళ్ళు అక్కడ ఆగి, నెమ్మదిగా కిందికి రావాలి. ఊళ్ళో నది ఒడ్డున తోటలు పెంచాలి.

ఆ సలహా ప్రకారం తర్వాతి ఇంజనీర్లు పని చేశారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అవి వరదను ఆపడమే కాదు, నగరానికి తాగునీళ్ళు కూడా ఇచ్చాయి. ఉస్మాన్ సాగర్‌నే గండిపేట చెరువు అంటారు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదలరని పెద్దలు అంటారు. మీ అమ్మానాన్నలది హైదరాబాద్ అయితే, మరి కెనడా ఎలా వచ్చారో అడగండి!

విశ్వేశ్వరయ్య గారు తర్వాత మైసూరు దివాన్ అయ్యారు. కావేరి మీద కృష్ణరాజ సాగర్ ఆనకట్ట పనిని ముందుకు నడిపించారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే ఇండియాలో ఇంజనీర్ల దినోత్సవం.

ఇక్కడి కథ కూడా అలాంటిదే

1954 అక్టోబర్ 15న హేజెల్ తుఫాను టొరంటోను ముంచింది. హంబర్ నది ఒడ్డున రేమోర్ డ్రైవ్‌లో ఇళ్ళకు ఇళ్ళే కొట్టుకుపోయాయి. ఒంటారియోలో 81 మంది చనిపోయారు. ఆ తర్వాత నది పల్లంలో ఇళ్ళు కట్టనివ్వలేదు. చాలా స్థలాలను పార్కులు చేశారు. చూశారా! హైదరాబాద్‌కు ఆయన చెప్పిన మాట, టొరంటో నేర్చుకున్న మాట ఒకటే: నదికి దాని చోటు దానికి వదలాలి.

కానీ ఒకసారి కట్టేస్తే పని అయిపోదు. వాన మారుతుంది, ఊరు పెరుగుతుంది, మళ్ళీ కొలవాలి. ఒంటారియోలో ఈ పని చూసే కన్సర్వేషన్ అథారిటీలు ఉన్నాయి. వేసవిలో అవి కాలేజీ విద్యార్థులను పనిలోకి తీసుకుంటాయి. వాళ్ళు వాగుల్లో దిగి నీళ్ళు పరీక్షిస్తారు, చేపలను లెక్కపెడతారు, ఒడ్డున మొక్కలు నాటుతారు. కెనడా సమ్మర్ జాబ్స్ అనే ప్రభుత్వ పథకం 15 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకు వేసవి పనులు దొరికేలా చేస్తుంది. ఇంకొన్నేళ్ళలో మీకూ ఆ వయసు వస్తుంది. రబ్బరు బూట్లు వేసుకుని, కొలకర్ర పట్టుకుని వాగులో నిలబడడం చిన్న పనిలా కనిపించవచ్చు. విశ్వేశ్వరయ్య గారు మొదలుపెట్టింది కూడా అలా ఏట్లో నిలబడే!

కొత్త మాటలు

గండి: చెరువు కట్ట తెగిన చోటు
ఎగువ: నది వచ్చే వైపు
జలాశయం: నీళ్ళు నిలవ చేసే పెద్ద చోటు
కుండపోత: కుండతో పోసినట్టు పడే వాన
ఉపనది: పెద్ద నదిలో కలిసే చిన్న నది

చెప్పండి, రాయండి

1. సుక్కూరులో నీళ్ళు ఎలా శుభ్రపడ్డాయి?
2. విశ్వేశ్వరయ్య గారు హైదరాబాద్‌లో ముందు లెక్కలు ఎందుకు తీయించారు?
3. మీ ఇంటిపేరులో ఊరి పేరు ఉందా? అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాయండి.
4. మీ ఊరి నదికి ఎప్పుడైనా వరద వచ్చిందా? తెలుసుకుని ఐదు వాక్యాల్లో చెప్పండి.