కైఫీయతుల వెనుక కావలి లక్ష్మయ్య

మొన్న శుక్రవారం సోహార్ కోట చూసి వస్తుంటే, మన ఊళ్ల చరిత్ర ఎవరు రాశారని మా అమ్మాయి అడిగింది. మెకంజీ కైఫీయతులని చెప్పబోయి ఆగాను. ఆ సర్వే దొరకు మన భాషలు రావు. ఊరూరా తిరిగి కరణాల దగ్గర రికార్డులు, గుళ్లలో శాసనాలు సేకరించడంలో ముందు నిలిచింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు.

అన్న వెంకట బొర్రయ్య 1803లో, ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆ పనిని తమ్ముడు వెంకట లక్ష్మయ్య భుజానికెత్తుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి 1828లో దక్కన్ నగరాలు, ప్రదేశాల చరిత్రను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు.

1821లో మెకంజీ కన్నుమూశాక ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. మిగిలిన పని తాను చేస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ఏళ్ల తరబడి చేసిన పనే కదా! 1833లో మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ కూడా పెట్టాడు. అయినా 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ కాదన్నాడు. లక్ష్మయ్య సమాచారం పోగుచేయగలడు గాని, దాన్ని తూచి చరిత్రగా రాయలేడని ఆయన లెక్క. మనం రాసిన కోడ్‌కు ఇంకొకరి పేరు పడితేనే ప్రాణం ఉసూరుమంటుంది. ఆయనకెలా ఉండిందో!

మా అమ్మాయికి మాత్రం కావలి లక్ష్మయ్య అనే చెప్పాను.