షెన్ త్సోంగ్‌వెన్

షెన్ త్సోంగ్‌వెన్ (1902 డిసెంబరు 28 - 1988 మే 10) ఆధునిక చైనా సాహిత్యంలో ప్రముఖ కథకుడు, నవలాకారుడు. చైనా సాంప్రదాయిక వస్త్రధారణ చరిత్రకు గట్టి పునాది వేసిన పరిశోధకుడు కూడా. ఈయన జీవితంలో పూర్వార్ధం కథారచనకు, ఉత్తరార్ధం ప్రాచీన వస్త్రాల పరిశీలనకు అంకితమైంది. తెలుగువారి వేషభాషలను, ఆచారవ్యవహారాలను గ్రంథస్థం చేసిన సురవరం ప్రతాపరెడ్డి రచన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" (1949) చదివినవారికి ఈయన కృషి స్వభావం సులభంగా బోధపడుతుంది. అయితే ప్రతాపరెడ్డి ప్రధానంగా కావ్యాలను ఆధారం చేసుకోగా, షెన్ సమాధుల్లో దొరికిన బట్టలను, బొమ్మలను, చిత్రాలను ఆధారం చేసుకున్నాడు.

బాల్యము, యౌవనము

ఈయన హునాన్ రాష్ట్రపు పశ్చిమ సరిహద్దున ఉన్న ఫెంగ్‌హువాంగ్ పట్టణంలో సైనిక కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు షెన్ యుయెహువాన్. హాన్, మియావ్, తుజియా జాతుల రక్తం కలిసిన కుటుంబమది. పదిహేనేళ్ళ ప్రాయానికే స్థానిక సైన్యంలో చేరాడు. అక్కడ ఒక సేనాని వద్ద గుమాస్తాగా ఉంటూ, అతడు సేకరించిన పాత గ్రంథాలు, చిత్రాలు, కంచు పాత్రలు, పింగాణీ పాత్రల బాగోగులు చూసేవాడు. పురావస్తువులపై మక్కువ అప్పుడే ఏర్పడింది.

ఇరవై ఏళ్ళ వయసులో చదువుకై బీజింగ్ చేరాడు. విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించకపోయినా తరగతుల్లో వెనుక కూర్చుని పాఠాలు వినేవాడు. 1924 నుండి రచనలు అచ్చు కాసాగాయి. పట్టాలు లేకున్నా రచయితగా వచ్చిన పేరు వల్ల షాంఘై, చింగ్‌దావ్ నగరాల్లో అధ్యాపక పదవులు లభించాయి. 1933లో ఝాంగ్ ఝావోహెను వివాహమాడాడు. 1934లో వెలువడిన "సరిహద్దు పట్టణం" నవల ఈయన ఉత్తమ రచనగా పేరు పొందింది. చైనా-జపాన్ యుద్ధకాలంలో కున్‌మింగ్‌లో బోధించి, 1946లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

కలం విడిచిన కాలం

1948లో గువో మోరువో మొదలైన వామపక్ష రచయితలు ఈయన రచనలను తీవ్రంగా ఖండించారు. మనస్సు చెదిరి, 1949 మార్చిలో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడ్డాడు. అదే ఏడాది ఈయనను బోధన నుండి తప్పించి బీజింగ్ రాజప్రాసాదం వద్దనున్న చరిత్ర మ్యూజియానికి పంపారు. వస్తువులకు చీటీలు వ్రాయడం, సందర్శకులకు వివరించి చెప్పడం ఈయన పని. 1953లో తన పుస్తకాలను, వాటి అచ్చుపలకలను నాశనం చేసినట్లు ప్రచురణకర్తల నుండి కబురు వచ్చింది. ఇటు తైవాన్‌లోనూ ఈయన రచనలు నిషిద్ధములే. అటుపై మరల నవల వ్రాయలేదు.

వస్త్ర చరిత్ర పరిశోధన

మ్యూజియంలో పట్టు, అద్దకం, కుట్టుపని, అద్దాలు, పింగాణీ వంటి వేలాది వస్తువులను ఈయన స్వయంగా పరిశీలించాడు. 1957లో చైనా పట్టు నమూనాలపై సహరచయితతో కలిసి పుస్తకం వెలువరించాడు. 1964లో ప్రధాని చౌ ఎన్ లై సూచనపై ప్రాచీన వస్త్రాలపై బృహద్గ్రంథ రచనకు పూనుకుని, నెలల వ్యవధిలోనే చిత్తుప్రతి సిద్ధం చేశాడు. అంతలో సాంస్కృతిక విప్లవం వచ్చిపడింది. గ్రంథం ఆగిపోయింది. ఇంటిని సోదా చేశారు. మ్యూజియంలో మరుగుదొడ్లు కడిగించారు. 1969లో హుబై రాష్ట్రంలోని శ్రమ శిబిరానికి పంపారు. పుస్తకాలు, చిత్రాలు దగ్గర లేకున్నా జ్ఞాపకం మీదనే చిత్తుప్రతికి సవరణలు వ్రాసుకున్నాడు. 1978లో సామాజిక శాస్త్రాల అకాడమీకి మారిన తరువాత సహాయకులు, వసతి సమకూరాయి. 1981లో "చైనా ప్రాచీన వస్త్రాభరణాల పరిశోధన" హాంగ్‌కాంగ్‌లో ప్రచురితమైంది.

పరిశోధన పద్ధతి

చైనా రాజవంశ చరిత్రల్లో ఆస్థాన వస్త్రాల నియమాలు విస్తారంగా ఉన్నాయి. కాని అవి రాజులు, అధికారుల దుస్తులకే పరిమితం. రైతు, సైనికుడు, నర్తకి ఏమి ధరించారో వాటివల్ల తెలియదు. అందుచేత గ్రంథాన్ని వస్తువుతో సరిచూడవలెనని ఈయన నిశ్చయం. హాన్ జాతి సాంప్రదాయిక అంగీకి ఎడమ అంచు కుడి అంచుపైకి వస్తుంది. గుండీలకు బదులు నడుముపట్టీ ఉంటుంది. ఝావో రాజు వులింగ్ క్రీ.పూ. 307లో గుర్రపు దళానికై ఉత్తరాది సంచార జాతుల పొట్టి అంగీని, పంట్లామును ప్రవేశపెట్టాడు. థాంగ్ కాలంలో గుండ్రని మెడ అంగీలు వ్యాపించాయి. 1644 తరువాత మంచూ పాలకులు పురుషులపై తమ వేషాన్ని, జడను నిర్బంధంగా రుద్దారు. ఈ విధంగా దుస్తుల్లోని ప్రతి మార్పు వెనుక యుద్ధమో, వాణిజ్యమో, రాజాజ్ఞయో కనిపిస్తుంది.

చిత్రాల కాలనిర్ణయానికీ ఈయన వస్త్రాలనే సాక్ష్యంగా తీసుకున్నాడు. దక్షిణ థాంగ్ నాటిదిగా పేరొందిన "హాన్ షీత్సాయ్ రాత్రి విందు" చిత్రం, అందులోని దుస్తుల రంగును, చేతులు జోడించే తీరును బట్టి, సోంగ్ వంశపు తొలినాళ్ళదని వాదించాడు.

1972లో మావాంగ్‌దుయి సమాధిలో కేవలం 49 గ్రాముల బరువున్న పట్టు అంగీ దొరికింది. 1982లో మాషాన్ సమాధిలో అంతకంటే ప్రాచీనమైన పట్టువస్త్రాలు బయల్పడ్డాయి. వస్తువులే ముఖ్య సాక్ష్యాలన్న ఈయన మాటకు ఇవి బలం చేకూర్చాయి.

చివరి రోజులు

1980-81లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాహిత్యంపైనే కాక ప్రాచీన వస్త్రాలపై కూడా ప్రసంగించాడు. అదే దశాబ్దంలో చైనాలో ఈయన కథలు తిరిగి అచ్చయ్యాయి. 1988 మే 10న బీజింగ్‌లో మరణించాడు. మరికొన్ని నెలలు జీవించి ఉంటే ఆ ఏటి నోబెల్ సాహిత్య బహుమతి ఈయనకే దక్కే అవకాశముండేదని స్వీడిష్ అకాడమీ సభ్యుడు గోరన్ మామ్‌క్విస్ట్ తరువాత వెల్లడించాడు. 1992లో ఈయన చితాభస్మాన్ని ఫెంగ్‌హువాంగ్‌కు చేర్చి, కొంత నదిలో కలిపి, మిగిలినది కొండ మీద సమాధి చేశారు. వస్త్రగ్రంథపు సవరించిన కూర్పు కూడా 1992లోనే వెలువడింది.